లంచ్‌కి వెళ్ళి తిరిగి రాని అంపైర్లు

అత్త మీద కోపం దుత్త మీద చూపడం గురించి సామెత ఉంది. మామగారి మీద కోపం దేనిమీద చూపాలో మాత్రం పెద్దలు చెప్పలేదు. కోడలు రాసిన ప్రోగ్రాములో మామగారు తప్పులు వెతికి జీతం తీసుకునే రోజు వస్తుందని పాపం వాళ్ళు ఊహించి ఉండరు. నాకు ఆ రోజు వచ్చింది.

మా మామగారు నీటి సరఫరా ఆఫీసులో ముప్పై మూడేళ్ళు గుమాస్తాగా పనిచేశారు. అది ఆయన ఉద్యోగం. ఆయన అసలు బతుకు మాత్రం శని, ఆదివారాల్లో ఉండేది. ఆ రెండు రోజులూ తెల్లకోటు తొడుక్కుని, తెల్లటోపీ పెట్టుకుని, లీగ్ మ్యాచ్‌లకు అంపైరుగా వెళ్ళేవారు. బంతులు లెక్కపెట్టడానికి కుడి జేబులో ఆరు గులకరాళ్ళు ఉండేవి. బంతి పడ్డప్పుడల్లా ఒక రాయి ఎడమ జేబులోకి వెళ్ళేది. నా పెళ్ళయిన కొత్తలో ఆయన ప్యాంటు జేబులు చూడకుండా వాషింగ్ మెషిన్లో పడేశాను. కాసేపటికి లోపలి నుంచి గడగడమంటూ వచ్చిన చప్పుడుకి ఇల్లు కూలుతోందనుకుని బయటికి పరిగెత్తాను. అత్తయ్య మాత్రం కూరగాయలు తరుగుతూ తలైనా ఎత్తలేదు. "ఏం లేదులే, ఓవర్ పూర్తయింది. రాళ్ళు తీసి ఎండలో పెట్టు" అంది.

అరవై దాటాక మోకాళ్ళు మొరాయించాయి. అంపైర్ల సంఘంవాళ్ళు ఒక గోడగడియారం చేతిలో పెట్టి, ఇక చాలన్నారు. దాంతో మాకు కష్టాలు మొదలయ్యాయి. మైదానంలో పని లేని అంపైరు ఇంట్లో అంపైరింగ్ చెయ్యక ఏం చేస్తాడు? కుళాయి సరిగ్గా కట్టలేదంటే ఎవరు కట్టలేదో విచారణ. నేను కారు పెడితే ముందు చక్రం గీత దాటిందని, వెనక్కి తీసి మళ్ళీ పెట్టమని తీర్పు. అత్తయ్యకీ నాకూ మాటామాటా వస్తే ఇద్దరి వాదనలూ విని, కాసేపు ఆలోచించి, ఎవరో ఒకరిని అవుట్ చేసేవారు. మందుల షాపు నడిపే మా ఆయన ఇవేవీ పట్టనట్టు పేపరు చదువుకునేవాడు. "నన్ను మాత్రం థర్డ్ అంపైర్ని చెయ్యకండి" అన్నది ఆయన స్థిరాభిప్రాయం.

నేను పనిచేసేది కంప్యూటర్లో ఆడుకునే ఆటలు తయారుచేసే కంపెనీలో. ఫుట్‌బాల్, టెన్నిస్ తర్వాత మావాళ్ళు క్రికెట్ మీద పడ్డారు. ఆట నియమాలు క్షుణ్ణంగా తెలిసిన టెస్టర్లు కావాలని నోటీసు పెట్టారు. టెస్టరంటే ఆడటానికి జీతం తీసుకునేవాడని బయటివాళ్ళు అసూయపడతారు గానీ, అది ఆడటం కాదు. ఒకే బంతిని మూడొందల సార్లు వేసి, మూడొందల ఒకటోసారి బ్యాటరు కాళ్ళు నేలలోకి దిగబడిపోతాయేమో చూడటం. ఆ నోటీసు సంగతి ఒక సాయంత్రం భోజనాల దగ్గర నవ్వులాటకు చెప్పాను. నా నోరు నా చేతుల్లో ఉంటే నేను ఇంకొంచెం సుఖపడేదాన్ని.

మామగారు నాకు చెప్పకుండా దరఖాస్తు పెట్టారు. ఇంటర్వ్యూలో పది నిమిషాలు ఆడి చూడమంటే, జేబులోంచి రాళ్ళు తీసి బల్ల మీద పేర్చారట. ఏడో నిమిషంలో ఆట ఆపి, "నో బాల్ పడింది. దాన్నీ లెక్కలో వేసి మీవాళ్ళు ఐదు మంచి బంతులకే ఓవర్ ముగించారు. ఆ బౌలరు ఇంకో బంతి బాకీ" అన్నారట. మేము వారం రోజులుగా వెతుకుతున్నా దొరకని తప్పది, మా భాషలో బగ్. మర్నాటి నుంచి ఆయన మా ఆఫీసు మనిషి.

మొదటి రోజు పొద్దున్న కారు తాళాలు తీసుకుని, "రండి మామయ్యగారూ" అన్నాను. ఆయన టోపీ సర్దుకుని, "నేను బస్సులో వస్తానమ్మా. అంపైరు ఒక జట్టు బండిలో రాకూడదు" అన్నారు. నవ్వులాటకన్నారేమో అనుకున్నాను. కాదు. ఎండైనా వానైనా ఆయన బస్ స్టాపులో నిలబడేవారు. నేను ఆ పక్కనుంచే కారులో వెళ్ళేదాన్ని. వాన రోజుల్లో ఆయన గొడుగు కింద నిటారుగా నిలబడి, నన్ను చూసి కూడా చూడనట్టు ఊరుకునేవారు. చూసినవాళ్ళు నన్నేమనుకుంటారు? మామగారిని వానలో వదిలేసి కారులో పోయే కోడలనేగా! ఆఫీసులో ఇంకా ఘోరం. ఇంట్లో "అమ్మాయ్" అని పిలిచే మనిషి అక్కడ "ప్రోగ్రామర్ గారూ" అనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆయన రిపోర్టులు మాత్రం ఆఫీసంతా చదివేది. తప్పు కనిపించగానే టెస్టర్లు రెండు ముక్కల్లో రాసి పడేస్తారు. మామగారికి ముప్పై మూడేళ్ళ గుమాస్తా భాష తప్ప ఇంకోటి రాదు. "సదరు వికెట్ కీపరు బంతిని పట్టుకొని తిరిగి ఇచ్చుటకు నిరాకరించుచున్నాడు. ఎంత వేచియున్ననూ ఫలితము లేదు. తగు చర్య నిమిత్తము" అని ఒకటి. "ప్రేక్షకులలో మూడవ వరుసయందు ఒకే వ్యక్తి పదకొండు చోట్ల కూర్చొనియున్నాడు. కవలలని సరిపెట్టుకొనుటకు కూడా వీలు లేదు" అని ఇంకొకటి. ఒక ఫీల్డరు బంతి వెనకాల పరిగెత్తి గోడలోంచి స్టేడియం బయటికి వెళ్ళిపోతే, "మరల కనబడలేదు. ఇంటివద్ద విచారించవలెను" అని రాశారు. ప్రోగ్రామర్లు ఆ రిపోర్టులు పైకి చదువుకుని పడీపడీ నవ్వేవారు. నవ్వాక సరిచేసేవారు, ఎందుకంటే ఒక్కటీ తప్పు రిపోర్టు కాదు. తెల్లటోపీని ఎప్పుడూ మానిటర్ కొమ్ముకి తగిలిస్తారని ఆయనకు టోపీగారని పేరు పెట్టారు. ఆ పేరు వింటే ఆయన లోలోపల సంతోషించేవారని నాకు తెలుసు.

ఆయనకు ఒక కథ ఉంది. ఇంటికి ఎవరొచ్చినా చెబుతారు, మాకందరికీ కంఠతా వచ్చు. "ముప్పై ఏళ్ళ అంపైరింగ్ అండీ. వేలమంది బ్యాటర్లని చూశాను. బంతి బ్యాటు అంచుకి తగిలిందని తనకి తెలిసి, నేను వేలెత్తకముందే తనంతట తాను నడిచి వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమందో చెప్పుకోండి?" ఇక్కడ కాసేపు ఆగి, చెయ్యెత్తి వేళ్ళు చూపిస్తారు. "నలుగురు! నలుగురంటే నలుగురే." ఆ నలుగురిలో ఒకరు మంగలి, ఒకరు బ్యాంకు మనిషి, ఒకరు లెక్కల మాస్టారు. నాలుగోవాడి వివరాలు తెలియవు గానీ ఎడమచేతివాటం. ఆయన "నలుగురు" అనేసరికి వెనకాల మా ఆయన పెదవులు కూడా శబ్దం లేకుండా ఆ మాటే అంటుంటాయి.

ఇలా సాగిపోతుండగా ఆట విడుదలకి ఇంకో మూడు వారాలుందనగా గొడవ మొదలైంది.

ఐదు రోజుల టెస్ట్ మ్యాచ్ భాగం రాసింది నేను. దాన్ని పరీక్షించే ఓపిక ఎవరికీ లేక మామగారికి అప్పగించారు. ఒక మధ్యాహ్నం ఆయన నుంచి రిపోర్టు వచ్చింది. ఎనిమిది మెట్లుగా రాశారు, ఫలానా జట్టు, ఫలానా మైదానం, టాస్, బ్యాటింగ్ అంటూ. ఏడో మెట్టు: "లంచ్ విరామము వచ్చును." ఎనిమిదో మెట్టు: "లంచ్ విరామము ముగియును." దాని కింద ఫలితం: "ఆటగాండ్రందరూ తిరిగి వచ్చిరి. అంపైర్లు ఇరువురూ రాలేదు. తదుపరి బౌలరు అప్పీలు చేయగా, తీర్పు చెప్పువారు లేనందున పదకొండుగురు ఫీల్డర్లు చేతులెత్తి అట్లే నిలిచిపోయిరి. ఆట ముందుకు సాగుట లేదు."

నేను ఆ మెట్లన్నీ ఆడి చూశాను. అంపైర్లు నిక్షేపంగా వచ్చారు. ఇరవైసార్లు చూశాను. ఇరవైసార్లూ వచ్చి, బెయిల్స్ సర్ది, వంగి నిలబడ్డారు. "జరగడం లేదు" అని రాసి రిపోర్టు మూసేశాను. మర్నాడు ఆయన మళ్ళీ తెరిచారు. "రోజునకు ఒక్కసారి తప్పక జరుగుచున్నది. మరల ప్రయత్నించిన జరుగుట లేదు" అని కలిపారు. మా వరసలో కూర్చునే టెన్నిస్ ప్రోగ్రామరు అది చదివి, "రోజుకోసారి రావడానికి బగ్గా, పాలవాడా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకో ఇరవైసార్లు ఆడి, మళ్ళీ మూసేశాను. ఆయన మళ్ళీ తెరిచారు.

మా కంపెనీలో ఒక పద్ధతి ఉంది. మూసిన రిపోర్టుని టెస్టరు రెండుసార్లు తెరవచ్చు. రెండోసారి తెరిచాక కూడా ఒప్పుకోకపోతే మేనేజరు ముందు ఆడి చూపించాలి. చూపించలేకపోతే ఆ టెస్టరు పేరు పక్కన "నిరాధారం" అని ఎర్రగీత పడుతుంది. మామూలు రోజుల్లో దానికి పెద్ద విలువ లేదు. కానీ విడుదల తర్వాత తొమ్మిదిమంది టెస్టర్లలో ఆరుగుర్నే ఉంచుతారని అప్పటికే తెలిసిపోయింది. ఎర్రగీత ఉన్నవాళ్ళు ముందు వెళతారు. అందరిలోకీ వయసు ఎక్కువ, వేగం తక్కువ ఉన్న మామగారికి ఒక్క గీత చాలు.

ఈ సంగతి ఆయనకు తెలుసు. అత్తయ్యకీ తెలుసు. ఆ సాయంత్రం అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, "నిజంగా తప్పు లేదా అమ్మాయ్?" అంది.

"లేదు అత్తయ్యా. నలభైసార్లు చూశాను."

"ఆయన ఉందంటున్నారు మరి. ఆ ఉద్యోగం వచ్చాక ఆయన పొద్దున్నే పాట పాడుకుంటూ గడ్డం గీసుకుంటున్నారు, చూశావా? ఆయన గొంతు ఎంత ఘోరంగా ఉంటుందో నీకూ తెలుసు. అయినా వింటున్నాను" అంది.

మేనేజరు ముందు పరీక్ష పొద్దున పదిన్నరకి పెట్టారు. టెస్టర్లు, ప్రోగ్రామర్లు అంతా గుమిగూడారు. మామగారు తెల్లకోటు వేసుకుని రాలేదు గానీ, ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. రాళ్ళు బల్ల మీద పెట్టుకుని ఆట మొదలుపెట్టారు. మెట్టు తర్వాత మెట్టు, ఎక్కడా తొందర లేదు. తెర మీద "లంచ్ విరామం" అని పడింది. ఆటగాళ్ళు, అంపైర్లు పెవిలియన్‌లోకి నడిచారు. కింద "కొనసాగించు" బటన్ వెలిగింది.

మామగారు తెరవంక చూస్తూ కూర్చున్నారు.

"నొక్కండి సార్, ఇంకా చాలా పనులున్నాయి" అన్నాడు మేనేజరు.

ఆయన నొక్కారు. ఆటగాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనకే అంపైర్లిద్దరూ నింపాదిగా నడుచుకుంటూ వచ్చారు. టెన్నిస్ ప్రోగ్రామరు చప్పట్లు కొట్టాడు. నేను గెలిచాను. గెలిచినందుకు సంతోషించడానికి ఒక్క నిమిషం పట్టింది, ఆ సంతోషం పోవడానికి అర నిమిషం కూడా పట్టలేదు, ఎందుకంటే మామగారు లేచి నిలబడి నా వైపు తిరిగారు.

"అనుమానం ఉంటే బ్యాటరు పక్షానే తీర్పు ఇవ్వాలి ప్రోగ్రామర్ గారూ. ఇక్కడ బ్యాటరు మీరు. నా అప్పీలు వెనక్కి తీసుకుంటున్నాను" అన్నారు. కూర్చుని రిపోర్టులో ఆ మాటే రాసి, తానే మూసేశారు. ఎర్రగీత పడింది.

ఆ తర్వాత మూడు రోజులు ఇంట్లో కుళాయిల గురించి విచారణ జరగలేదు. నేను కారు గీత మీద అడ్డంగా పెట్టాను, కావాలనే. ఆయన చూసి లోపలికి వెళ్ళిపోయారు. పాట కూడా లేదు. మా ఆయన పేపరు పక్కన పెట్టి, "నువ్వేమన్నా అన్నావా నాన్నని?" అన్నాడు. ఆ మాటకి నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నేనేమన్నాను? నలభైసార్లు ఆడి చూడటం నా తప్పా? అంపైర్లు రావడం నా తప్పా? అన్నీ పైకే అన్నాను. అన్నాక కూడా మనసు కుదుటపడలేదు.

నాలుగో రోజు ఆయన భోజనం డబ్బా ఇంట్లోనే మరిచిపోయి బస్సెక్కేశారు. అత్తయ్య దాన్ని నా చేతికిచ్చింది. ఒంటిగంటకు ఐదు నిమిషాలుందనగా టెస్టర్ల గదికి వెళ్ళాను. సరిగ్గా అప్పుడే ఆయన తెర మీద "లంచ్ విరామం" పడింది. ఆటలో లంచూ ఆఫీసులో లంచూ ఒకే సమయానికి పడేలా ఆయన పొద్దున్నే చూసుకుని మొదలుపెడతారట, పక్క సీటు టెస్టరు చెప్పింది. మామగారు డబ్బా అందుకుని, "థాంక్స్ ప్రోగ్రామర్ గారూ" అన్నారు. మానిటర్ మీది టోపీ తీసి కీబోర్డు మీద పెట్టి, భోజనాల గదికి నడిచారు.

మా ఆఫీసులో భోజనాల గది ఉందని నాకు తెలుసు గానీ, ఎప్పుడూ వెళ్ళలేదు. ప్రోగ్రామర్లం ఎడంచేత్తో తింటూ కుడిచేత్తో మౌస్ కదుపుతూ ఆరు నిమిషాల్లో కానిచ్చేస్తాం. ఆ రోజు ఎందుకో ఆయన వెనకే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఆయన చేతిగడియారం తీసి బల్ల మీద పెట్టారు. డబ్బా విప్పారు. ఒక్కో ముద్దా నమిలి నమిలి తిన్నారు. తిన్నాక డబ్బా కడుక్కొచ్చారు, తుడిచారు, మూతలు పెట్టారు. కుర్చీలో వెనక్కి వాలి కాసేపు కళ్ళు మూసుకున్నారు. నేను తినడం అయిపోయి చాలాసేపయింది. లేచి పోదామా అంటే మర్యాద అడ్డొచ్చింది. సరిగ్గా నలభై నిమిషాలకు ఆయన కళ్ళు తెరిచి, "టైమ్" అన్నారు.

ఆయనతోపాటు సీటు దాకా వెళ్ళాను. టోపీ తీశారు. "కొనసాగించు" నొక్కారు. ఆటగాళ్ళు పెవిలియన్ లోంచి వచ్చారు. ఫీల్డర్లు, బ్యాటర్లు అంతా వచ్చి ఎవరి చోట్లో వాళ్ళు నిలబడ్డారు. వికెట్ల వెనక అంపైరు లేడు. స్క్వేర్ లెగ్‌లో అంపైరు లేడు. బౌలరు పరిగెత్తుకొచ్చి బంతి వేశాడు, అది బ్యాటరు ప్యాడుకి తగిలింది, పదకొండుమందీ ఖాళీ నేలవైపు తిరిగి చేతులెత్తారు. అలాగే ఉండిపోయారు.

ఆయన ఏమీ జరగనట్టు ఆట ఆపేసి, మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుంటున్నారు.

"ఇది రోజూ ఇలాగే అవుతోందా?" అన్నాను.

"అవుతోంది."

"మరి రాయలేదేం?"

"వెనక్కి తీసుకున్న అప్పీలు మళ్ళీ చెయ్యకూడదు ప్రోగ్రామర్ గారూ. ఆట నియమం."

"మీ నియమం పాడుగానూ! మామయ్యగారూ, రిపోర్టులో లంచ్ తిన్నానని రాయలేదేంటండీ?" అని అరిచాను. గదిలో తలలన్నీ మావైపు తిరిగాయి.

ఆయన నొచ్చుకున్నారు. "రాశానుగా. ఏడో మెట్టు, లంచ్ విరామము వచ్చును. ఎనిమిదో మెట్టు, లంచ్ విరామము ముగియును."

"ఆ రెండిటి మధ్యా మేము బటన్ నొక్కుతాం!"

"విరామం రాగానే నొక్కేస్తారా? మరి తినేదెప్పుడు?" అన్నారు ఆయన, నిజంగానే ఆశ్చర్యపోయి.

అప్పుడు నాకు వెలిగింది. ఆట ఆగిపోయి అరగంట దాటితే, ఆటలో ఉన్నవాళ్ళందర్నీ కంప్యూటరు జ్ఞాపకం నుంచి తీసేసి, మళ్ళీ మొదలుపెట్టగానే తిరిగి పిలవమని నేనే రాశాను. ఆటగాళ్ళందర్నీ పేరుపేరునా పిలిచాను. అంపైర్లను పిలవడం మరిచిపోయాను. టీ విరామానికి ఆయన ఇరవై నిమిషాలే తీసుకుంటారు కాబట్టి అప్పుడు ఏమీ కాదు. నేను నలభైసార్లు ఆడానే గానీ, నలభై నిమిషాలు ఒక్కసారి కూడా ఆగలేదు. అసలు మా అంతస్తులో లంచ్‌కి లంచ్ అంతసేపు తినే మనిషి ఆయనొక్కరే.

మామగారు చుట్టూ చూసి, గొంతు తగ్గించారు. ఆఫీసులో మొదటిసారి "అమ్మాయ్" అన్నారు. "అమ్మాయ్, రెండు లైన్ల పనేగా? నెమ్మదిగా సరిచేసెయ్. విడుదల ముందు నీకెందుకు మాట? నేను ఎవరికీ చెప్పను."

ఆయన అన్నది నిజమే. రెండు లైన్ల పని. సరిచేసేస్తే ఆట బాగుపడేది, నా పేరూ బాగుండేది, వచ్చే ఆటకి నన్ను టీమ్ లీడ్ చేస్తానని మేనేజరు ఇచ్చిన మాటా నిలబడేది. ఎర్రగీత ఒక్కటి మాత్రం ఆయన పేరు పక్కన ఉండిపోయేది. నెలాఖరుకి ఆయన టోపీ తీసుకుని బస్సెక్కి ఇంటికొచ్చేసేవారు, మళ్ళీ బయటికి వెళ్ళే పని లేకుండా. సీట్లో కూర్చుని ఫైలు తెరిచాను కూడా. ఒక లైను రాశాను. రాసి, చేతులు తీసేసి కూర్చున్నాను. పొద్దున్నే ఆయన పాడే ఆ ఘోరమైన పాట గుర్తొచ్చింది. రాసిన లైను చెరిపేసి, నా మీద నేనే రిపోర్టు రాసుకున్నాను. ఆయన మెట్లన్నీ అలాగే ఉంచి, ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఒకటి చేర్చాను. "భోజనము చేయవలెను. నలభై నిమిషములకు తగ్గరాదు." కింద, "తప్పు నాది. మొదటి రిపోర్టు సరియైనదే" అని రాసి, ఎవరూ పిలవకుండానే మేనేజరు గదిలోకి నడిచాను.

మేనేజరు నమ్మలేదు. మర్నాడు ఒంటిగంటకు మళ్ళీ అందరూ చేరారు. విరామం రాగానే మామగారు కీబోర్డు మీద టోపీ పెట్టారు. మేనేజరుతో సహా ఆఫీసంతా భోజనాల గదికి నడిచింది. మేనేజరు ఐదు నిమిషాల్లో తినేసి, మిగతా ముప్పై ఐదు నిమిషాలు ఏం చెయ్యాలో తెలియక బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చున్నాడు. ఫోను తియ్యబోతే మామగారు, "విరామం అండీ" అన్నారు. పెట్టేశాడు. టెన్నిస్ ప్రోగ్రామరుకి కునుకు పట్టింది. "టైమ్" అనగానే అందరం వెనక్కి వచ్చాం. బటన్ నొక్కారు. ఆటగాళ్ళు వచ్చారు. అంపైర్లు రాలేదు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఎర్రగీత చెరిపేశారు. విడుదల నాలుగు రోజులు ఆలస్యమైంది. ఆ నాలుగు రోజులూ మేనేజరు నాతో ముభావంగా ఉన్నాడు. టీమ్ లీడ్ పని టెన్నిస్ ప్రోగ్రామరుకి వెళ్ళింది. అతను ఇప్పటికీ నాకు పాలవాడి జోకే చెబుతాడు. మిగిలిన ఆరుగురు టెస్టర్లలో మామగారి పేరు మూడోది.

ఆయన నాతో ఆ విషయం ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో మెచ్చుకుంటారేమో అని రెండు రోజులు చూశాను, ఏమీ లేదు. మూడో రోజు ఆఫీసులో నా పేరు మీద కొత్త రిపోర్టు వచ్చింది. "తిరిగి వచ్చిన అంపైరు టోపీ తలకు బెత్తెడు ఎత్తున గాలిలో నిలిచియున్నది. తగు చర్య నిమిత్తము." బస్సు మానలేదు. కారెక్కలేదు. సర్లే, ఈయనింతే అనుకున్నాను. కానీ లోపల కాస్త బాధగానే ఉండేది, దాచుకోవడం దేనికి?

నెల తర్వాత మా ఆయన తన షాపుకి మందులు తెచ్చే ఏజెంటుని భోజనానికి పిలిచాడు. కొత్త మనిషి దొరకడంతో మామగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. అత్తయ్య నావైపు చూసి కళ్ళు తిప్పింది. కథ మొదలైంది.

"ముప్పై ఏళ్ళ అంపైరింగ్ అండీ. వేలమంది బ్యాటర్లు. నేను వేలెత్తకముందే తనంతట తాను నడిచి వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమందో చెప్పుకోండి?"

ఏజెంటు తెలియదన్నాడు. మా ఆయన పెదవులు ఎప్పటిలాగే "నలుగురు" అనడానికి సిద్ధమయ్యాయి. మామగారు చెయ్యెత్తి, ఐదు వేళ్ళూ విప్పారు.

"ఐదుగురు" అన్నారు.

మా ఆయన పెదవులు మధ్యలో ఆగిపోయాయి. వడ్డిస్తున్న అత్తయ్య చెయ్యి గిన్నె మీదే నిలిచిపోయింది. ఏజెంటుకి ఇదేమీ తెలియదు కదా, మర్యాదగా, "ఎవరెవరండీ?" అన్నాడు.

"ఒకతను మంగలి. ఒకాయన బ్యాంకులో పనిచేసేవాడు. ఒకరు లెక్కల మాస్టారు. నాలుగోవాడిది ఎడమచేతివాటం." ప్లేటులోకి చూస్తూ అన్నారు. "ఐదో బ్యాటరు ఆడమనిషి. కుడిచేతివాటం. కోపం కాస్త ఎక్కువ. కారు గీత మీద పెడుతుంది. అమ్మాయ్, కాసిని మంచినీళ్ళు పట్రా."

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. కుళాయి తిప్పి, గ్లాసు కింద పెట్టి, అలాగే నిలబడ్డాను. గ్లాసు నిండిపోయింది, పొంగిపోయింది, నాకు కళ్ళు సరిగ్గా కనిపించడం లేదు. బయటి నుంచి ఆయన గొంతు వినిపించింది.

"వంటింట్లో కుళాయి వదిలేసిందెవరు?"